ముందు బెంచీ లెక్క

ఆ రోజుల్లో పదో తరగతి ఫలితాలు రెండుసార్లు వచ్చేవి. మొదట పిల్లలకు, పేపర్లో చీమల బారుల్లాంటి నంబర్లుగా. తర్వాత కొన్నాళ్ళకు బడికి, పై ఆఫీసు నుంచి, ఒకే ఒక్క అక్షరంగా. ఎ, బి, సి, డి. పిల్లవాడు తప్పితే మళ్ళీ ఫీజు కట్టి రాసుకోవచ్చు. బడి తప్పితే హెడ్మాస్టరుకు సప్లిమెంటరీ లేదు. ఈ మధ్య ఫలితాల రోజున అందరూ ఫోను పట్టుకుని కూర్చుంటారు, నేనూ కూర్చుంటాను. కానీ నాకు ఎప్పుడూ ముందు గుర్తొచ్చేది నలభై నాలుగు అనే అంకె. అది నేను వేసిన అంకె. జీవితంలో నేను ఎంతో జాగ్రత్తగా, రెండు దశాంశ స్థానాల దాకా సరిచూసి చేసిన మొదటి పెద్ద తప్పు.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. పదో తరగతి లెక్కల్లో మొదటిసారి తప్పాను కూడా (పంతొమ్మిది మార్కులు. దాచడం దేనికి?). ఆ తర్వాత మదనపల్లె టమోటా మండీలో పనికి చేరి, అక్కడ నాకు నేనుగా లెక్క నేర్చుకున్నాను. లారీ దిగే బాక్సులు చూసి, ఏ రైతువి ఎన్ని, ఎన్నో రకం అని వేలం పిలిచేలోగా చెప్పాలి. ఒక బాక్సు చూసి మొత్తం సరుకు తేల్చే అలవాటు అక్కడ అబ్బింది. రెండేళ్ళకు పుంగనూరు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో తాత్కాలిక గుమాస్తా పని దొరికింది. ప్యాంటు వేసుకుని, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని వెళ్ళాను. ఒకటి రాయదు. అది హోదా కోసం.

ఆ బడి హెడ్మాస్టరును అందరూ పెద్దసారు అనేవాళ్ళు. రోజూ మదనపల్లె నుంచి బస్సులో వచ్చి, బస్సులోనే పోయేవారు. రిటైరుమెంటుకు ఇంకా రెండేళ్ళు కూడా లేదు. ఇంట్లో భార్యకు మోకాళ్ళ నొప్పులు, పొద్దున ఆమెకు కాఫీ కలిపిచ్చిగానీ ఆయన బస్సెక్కేవారు కాదు. నేను ఏది అడిగినా కాగితం లేకుండా చెబుతానని నాకు లెక్కలప్ప అని పేరు పెట్టారు. ఆ పేరుకు నేను లోలోపల ఎంత పొంగిపోయేవాణ్ణో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఆ ఏడాది దసరా సెలవులు అయిన కొత్తలో, ఒకరోజు మధ్యాహ్నం పై ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ప్రతి బడీ ఈసారి పదిలో ఎంతమంది పాసవుతారో ముందే అంకె ఇవ్వాలట. సాయంత్రం మూడింటికల్లా చెప్పాలట. పెద్దసారు ఫోను పెట్టేసి గడియారం చూశారు. రెండుంబావు. లెక్కల మాస్టరు సెలవు. సైన్సు టీచరమ్మ వేరే ఊళ్ళో ట్రైనింగు.

"లెక్కలప్పా, నువ్వు మండీలో ఒక్క బాక్సు చూసి లారీకి రేటు చెప్తావంటనే?" అన్నారు.

"చెప్తా సార్."

"అయితే ఆ పదోతరగతిలోకి పోయి, ఆ సరుకేందో సూడప్పా."

వెళ్ళాను. నలభై ఆరుమంది. బెంచీకి ముగ్గురు. నేను గుమ్మంలోంచి వెళ్ళగానే ఎదురైన ముందు బెంచీ దగ్గర ఆగి, ఆ ముగ్గురినీ లేపి, ఎక్కాలు, వడ్డీ, గుణకారాలు కలిపి ఇరవై ప్రశ్నలు అడిగాను. పంతొమ్మిదికి సరైన జవాబు వచ్చింది. అంటే తొంభై అయిదు శాతం. నలభై ఆరులో తొంభై అయిదు శాతం నలభై మూడు పాయింట్ ఏడు. మనిషి ఏడు భాగాలు పాసై మూడు భాగాలు తప్పడు గనక నలభై నాలుగు చేశాను. మళ్ళీ నలభై ఆరుతో భాగించి తొంభై అయిదు పాయింట్ ఆరు అయిదు అని తేల్చాను. రాసే పెన్నుతో రాసిచ్చాను. పెద్దసారు ఆ అంకె చూసి ఒక్క క్షణం కళ్ళద్దాలు తీశారు.

"నిరుడు అరవై శాతమే గదప్పా వచ్చినేది?"

"సరుకు బాగుండాది సార్," అన్నాను.

టమోటా బాక్సులో మంచి పళ్ళు ఎక్కడ పేరుస్తారో మదనపల్లెలో మూడో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. పైన. రెండేళ్ళు మండీలో చెయ్యి అడుక్కు దూర్చి కాయ తీసినవాణ్ణి, మనుషుల దగ్గరికి వచ్చేసరికి పై వరస చూసి ధర చెప్పేశాను.

ఆ సంగతి నాకు నాలుగో రోజు తెలిసింది. ఏదో పాత రిజిస్టరు కోసం పదోతరగతి గదిలోకి వెళ్ళి, చివరి బెంచీల వైపు నుంచి నడిచాను. అక్కడ పదకొండుమంది ఉన్నారు. ఒకడికి పదమూడో ఎక్కం అడిగితే, "అది మాకు జరగలేదన్నా," అన్నాడు. పక్కవాడు, "జరిగింది గానీ, ఆ పొద్దు మేము రాలా," అని సర్దాడు. పరుగెత్తి పెద్దసారుతో చెప్పాను. ఆయన పై ఆఫీసుకు ఫోను చేశారు. అవతల గుమాస్తా అంకెలు టైపయి వెళ్ళిపోయాయన్నాడు. అంతటితో ఆగకుండా, చెప్పిన అంకెకు ఎవరి బడి ఎక్కువ తగ్గితే వాళ్ళకు తాఖీదు, హెడ్మాస్టరుకు కుప్పం అవతలికి బదిలీ అని కూడా చెప్పాడు. కుప్పం అంటే రాష్ట్రం చివరి అంచు. అక్కడి నుంచి రోజూ మదనపల్లె వచ్చి పోవడం కుదరదు. పెద్దసారు ఫోను పెట్టేశారు. "కాఫీ ఎవరు కలుపుతారో," అన్నారు, కిటికీ వైపు చూస్తూ.

ఆ మాట నన్ను పట్టుకుంది. మర్నాటి నుంచి బడి అయ్యాక ఒక గంట చివరి బెంచీలకు నేనే లెక్కలు చెబుతానన్నాను. లెక్కల మాస్టరు నవ్వి, "పంతొమ్మిది మార్కులోడు చెప్తాంటే ఇరవై అన్నా వస్తాయిలే," అని సుద్దముక్క నా చేతిలో పెట్టాడు (ఆ అంకె ఆయనకు ఎవరు చెప్పారో ఈనాటికీ తెలియదు).

చివరి బెంచీలో ఒక అమ్మాయి ఉండేది. పొద్దున్నే డెయిరీలో పాలు పోసి బడికి వచ్చేది కాబట్టి అందరూ పాలపాప అనేవాళ్ళు. శాతం అన్న మాట వింటేనే తల బల్లకు ఆనించేసేది.

"ఈ పొద్దు మీ పాలకు వెన్న ఎంత రాసినారు?" అని అడిగాను.

"నాలుగున్నర."

"అంటే నూరు కేజీల పాలు పోస్తే వెన్న ఎంత ఉన్నట్టు?"

"నాలుగున్నర కేజీలు. ఇది కూడా తెలీదా?"

"అదేమ్మా శాతమంటే."

ఆ పిల్ల తల ఎత్తింది. నన్ను కాసేపు అనుమానంగా చూసింది. "ఇదేనా? మరి దీన్ని పుస్తకంలో అంత కష్టంగా యాల రాసినారు?" అంది. ఆ రోజు నుంచి పదకొండుమందీ నన్ను వదల్లేదు. సరాసరి టమోటా బాక్సుల్లోంచి వచ్చింది, వైశాల్యం పట్టుపురుగుల తట్టల్లోంచి వచ్చింది. పరీక్షల నాటికి వాళ్ళకు కొంత లెక్కా, నాకు కొంత వినయమూ వచ్చాయి.

ఫలితాలు వచ్చాయి. నలభై ఆరులో ముప్పై ఎనిమిది. ఎనభై రెండు పాయింట్ ఆరు ఒకటి. ఆ బడిలో అంత ఎప్పుడూ రాలేదు. పాలపాపకు లెక్కల్లో ముప్పై ఏడు. చివరి బెంచీల పదకొండుమందిలో అయిదుగురు గట్టెక్కారు. నేను శాంపిలు తీసిన ముందు బెంచీ ముగ్గురిలో ఒకడు ఇంగ్లీషులో తప్పాడు (ఇరవై ప్రశ్నల్లో ఒక్కటి కూడా ఇంగ్లీషు అడగకపోవడం నా తప్పే). ఊళ్ళోవాళ్ళు బడిలో మిఠాయిలు పంచారు. వారం తర్వాత అక్షరం వచ్చింది. డి. చెప్పిన అంకెకు ఆరుగురు తక్కువట. సమీక్షకు రమ్మని పిలుపు కూడా వచ్చింది. అదీ కుప్పంలో.

పట్టికల చుట్ట చంకన పెట్టుకుని పెద్దసారు వెంట నేనూ బస్సెక్కాను. పలమనేరు దాటాక ఆయన, "సూడప్పా, ఊరు బాగానే ఉండాదిలే," అన్నారు, అద్దెకు ఇల్లు వెతుక్కునేవాడిలా కిటికీలోంచి చూస్తూ.

హాలు నిండా హెడ్మాస్టర్లు. మొదట ఒకాయన్ని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ఆయన బడి నలభై శాతం వస్తుందని చెప్పి నలభై అయిదు తెచ్చిందట. లక్ష్యం దాటిన బడి. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దసారు కూడా మనస్ఫూర్తిగా కొట్టారు. తర్వాత పెద్దసారును లేపారు.

"తొంభై అయిదు అని యాల చెప్పినారు?" అన్నాడు పై ఆఫీసరు.

"అంచనా తప్పింది సార్. తప్పు నాది."

మాట అక్కడితో ముగిసిపోయేదే. వెనక గోడ దగ్గర నిలబడ్డ నా కాళ్ళే ముందుకు వచ్చాయి. "సార్, ఆ అంకె నేను ఏసినా సార్," అన్నాను. చంకలో చుట్ట జారి, పట్టిక మొత్తం చాపలా దొర్లుకుంటూ ఆఫీసరు బల్ల దాకా పోయింది.

"నువ్వెవరప్పా?"

"గుమాస్తాను సార్. టెంపరరీ."

"ఎట్ల ఏసినావు?"

"ముందు బెంచీ సూసి సార్."

హాలంతా ఒక్కసారి నవ్వింది. ఆఫీసరు నవ్వలేదు. "ముందు యాడ పనిచేస్తాంటివి?" అన్నాడు. మండీ అన్నాను. ఇక ఆయనకూ నవ్వు ఆగలేదు. "మండీలో ఉండి పైకాయ సూసి రేటు చెప్పినావా? నీకంటే టమోటాలే మేలు గదప్పా! మా నాయన కలికిరి నుంచి బాక్సులు తోలినోడే, అడుక్కాయ సూడకుండా ఒక్కడూ కొనలేదు," అన్నాడు. తర్వాత నేల మీద పరుచుకున్న పట్టికను వంగి చూశాడు. నిరుటి గడిలో అరవై. ఈ ఏటి గడిలో ఎనభై రెండు పాయింట్ ఆరు ఒకటి. కొంచెంసేపు అక్కడే వంగి ఉన్నాడు. "మెమో తప్పదు, అది రూలు. బదిలీ సంగతి వచ్చే ఏడాది అంకెను బట్టి సూస్తాం," అన్నాడు.

తిరుగు బస్సు పలమనేరు దాటింది. పెద్దసారు నావైపు తిరిగి, "వచ్చే ఏడు ఎంత రాద్దాం?" అన్నారు.

"వెనకనుంచి లెక్కపెట్టి చెప్తా సార్."

అలాగే చెప్పాను. మరుసటి ఏడు నలభై ఎనిమిదిమందిలో ముప్పై ఆరు అన్నాను, ముప్పై తొమ్మిది వచ్చింది. ఎనభై ఒకటీ పాతిక శాతం. నిరుటి కంటే తక్కువే. అయినా లక్ష్యం దాటిన బడి. పెద్దసారుకు శాలువా కప్పారు, ఆ బడిలోనే, మదనపల్లె బస్సు దిగే ఊళ్ళోనే, ఆయన రిటైరయ్యారు. చివరి రోజు శాలువా మడిచి ఆఫీసు బీరువాలో పెడుతూ, "ఇది ఈ ఏటి పిల్లోళ్ళది కాదప్పా, నిరుటోళ్ళది," అన్నారు.

ఆ నిరుటి పిల్లల్లో పాసైన ముప్పై ఎనిమిదిమంది పేర్లు నాకిప్పుడు సగం గుర్తులేవు. తప్పిన ఎనిమిది మాత్రం వరసగా చెప్పగలను. మొన్న పుంగనూరు సంతలో కూడా, కుప్ప అడుగున చెయ్యి పెట్టి టమోటాలు తీస్తుంటే మా ఆవిడ, "పైన బంగారంలా ఉండాయి గదా, యాల తవ్వుతాండావు?" అని కసిరింది. చెప్పాలంటే చాలా పెద్ద కథ.

పోయిన నెల ఆ బడికి మళ్ళీ వెళ్ళాను. ఇప్పుడు అక్కడ ఉన్నది హెడ్మాస్టరమ్మ. పాత లెక్కలప్ప వచ్చాడని తెలిసి, పిల్లలకు లెక్కలు ఎలా వస్తున్నాయో చూడమంది. గుమ్మంలోంచి లోపలికి పోయి, ముందు బెంచీకి ఒక నమస్కారం పెట్టి, తిన్నగా చివరి బెంచీకి వెళ్ళి కూర్చున్నాను. పక్కనున్న పిల్ల సర్దుకుని చోటిచ్చింది. నా మోకాళ్ళు బల్ల కింద ఇరుక్కుపోయాయి. "యాల ఈడ కూసుండావు తాతా? ముందర కుర్చీ ఉండాది గదా," అంది. నా వయసు యాభై ఒకటి. తాతనయ్యేంత వయసు కాదని రెండు దశాంశ స్థానాల దాకా నిరూపించగలను. కానీ లేవబోతే లేవలేకపోయాను, ఆ పిల్లే చెయ్యిచ్చి లేపింది. అందుకని ఆ లెక్క వదిలేశాను.