పైపన్ను

మా ఆయన నరసరావుపేటలో మోటార్లకు వైండింగ్ కట్టేవాడు. పక్కనే ప్లయర్ ఉన్నా వైరు తొడుగు మాత్రం పళ్లతోనే లాగేవాడు. ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం కారేది. ఉప్పునీళ్లు పుక్కిలించడం, లవంగం నొక్కిపెట్టుకోవడం, మాకు తెలిసిన వైద్యం అంతే.

చిగురు వాచి చీము పట్టాక పళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లొచ్చాడు. పైపన్ను ఒకటి తీసేయాలని, చిగుళ్లు శుభ్రం చేయాలని చెప్పారట. నేను అడ్డం పడ్డాను. పైపన్ను పీకితే చూపు పోతుందని మా అమ్మ అనేది, వీధిలో పిన్నమ్మలందరూ అదే అన్నారు. వెంట్రుకంత తీగ చుట్టే మనిషికి కళ్లు పోతే ఇంకేముంది? పీకించుకోనని ఒట్టు వేయించుకున్నాను. ఆయన ఎదురు చెప్పలేదు. రెండేళ్లు నొప్పి బిళ్లలతోనే నెట్టుకొచ్చాడు. నోరు వాసన వస్తోందని విసుక్కున్నదీ నేనే.

మొన్న వేసవిలో షాపులోనే గుండె పట్టుకుని కూలబడ్డాడు. గుంటూరు తీసుకెళ్లాం. గుండె రక్తనాళాలు గట్టిపడి పూడుకుపోయాయన్నారు. పెద్ద డాక్టరు ఆయన నోరు చూసి, ఈ చిగుళ్లు ఎన్నాళ్లుగా ఇలా ఉన్నాయని నన్నడిగాడు. చిగుళ్లలోని బాక్టీరియా రక్తంలోకి చేరుతుందని, నాళాలు గట్టిపడటానికి అదీ ఒక కారణం కావచ్చని చెప్పాడు. బీడీలున్నాయి, షుగరుంది, ఫలానా దానివల్లేనని తేల్చలేమన్నాడు. అప్పుడే పన్ను తీయించి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదా అని అడిగాను.

"చెప్పలేమమ్మా," అన్నాడు.

అంత చదువుకున్నవాడు అవుననో కాదనో ఒక్క మాట అనలేడా అని ఒళ్లు మండింది. అవునంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. కాదంటే ఊపిరి పీల్చుకునేదాన్ని.

మర్నాడు ఐసీయూలోకి నన్ను పది నిమిషాలు పంపారు. డాక్టరు చెప్పిందంతా ఆయనకు చెప్పేశాను. అంతా నా వల్లే అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"నీ వల్లేందే? నాకు సూదంటే చానా భయం. నువ్వు వద్దన్నావు, నేను బతికిపోయాననుకున్నా."

షుగరు పరీక్షకు నెలనెలా వేలు చాచి, సూది గుచ్చుతుంటే పక్కవాళ్లతో కబుర్లు చెప్పిన మనిషి ఆయన. మూడో రోజు పోయాడు.

ఆ మాట నిజమేనని నమ్మాలని రోజూ ప్రయత్నిస్తున్నాను. నా వల్ల కావడం లేదు.