మా అన్నయ్య వెళ్లిన లాయరు

కమ్యూనిస్టు ప్రభుత్వాలు పోయిన దేశాల్లో సర్కారు ఫ్యాక్టరీలు ప్రైవేటు కంపెనీల చేతికి వెళ్లేటప్పుడు ఆ ఒప్పందాలు రాయడం నా ఉద్యోగం. వార్సాలో మొదలుపెట్టి, కీవ్, అల్మాటీ తిరిగి, బుకారెస్ట్‌లో రిటైరయ్యాను. రాజమండ్రి వచ్చి ఏడాది తిరగకుండానే నాకు అసూయ పట్టుకుంది. అది కూడా తణుకు కోర్టులో ప్రాక్టీసు చేసే నా లా కాలేజీ స్నేహితురాలి మీద.

అన్నయ్యకు కడియంలో నర్సరీ ఉంది. పక్క రైతు దగ్గర రెండెకరాలు లీజుకు తీసుకుంటున్నాడంటే, అగ్రిమెంటు నేను రాస్తానన్నాను. వారం కూర్చుని ముప్పై నాలుగు పేజీలు రాశాను. తుఫాను వస్తే ఒక క్లాజు, తెగులొస్తే ఇంకొకటి. ఆ రైతు రెండు పేజీలు తిప్పి బల్ల మీద పెట్టేశాడు.

"మా మీద ఇంత అనుమానం ఏంటండీ?" అని లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు అన్నయ్య ఆయన్ని కారెక్కించుకుని తణుకులో నా స్నేహితురాలి దగ్గరికి వెళ్లాడు. సాయంత్రానికి సంతకాలైపోయాయి. రెండే పేజీలు, తెలుగులో.

"ఏమనుకోకమ్మా," అన్నాడు అన్నయ్య. "ఆయన అత్తగారి వైపు గొడవలన్నీ ఆ లాయరమ్మ గారే చూశారట. ఆవిడ ముందు కూర్చుంటే ఆయనకి ధైర్యం."

ఆ రెండు పేజీల్లో తప్పు పట్టాలని ఎన్నిసార్లు చదివానో. పొలంలో బోరు మోటారు చెడిపోతే బాగు చేయించాల్సింది ఎవరో ఆమె రాసింది. నా ముప్పై నాలుగు పేజీల్లో ఆ మాటే లేదు.

ఆ వారమే తణుకు వెళ్లాను. ఆమె గదిలో బెంచీ నిండా జనం. ఒక మామ్మగారిని ముందు మోకాళ్ల నొప్పి ఎలా ఉందో అడిగి, తర్వాతే కేసు సంగతి ఎత్తింది. నాకు ఉక్రెయిన్‌లో ఒక చక్కెర ఫ్యాక్టరీ గుర్తొచ్చింది. సంతకాలయ్యాక మమ్మల్ని కారులో వెనక గేటు నుంచి పంపేశారు. మంచులో నిలబడ్డ ఒక ముసలావిడ కారు అద్దం తట్టింది. రేపు పనికి రావాలా వద్దా అని అడుగుతోందని మా దుబాసీ చెప్పింది. జవాబు నేను రాసిన ఒప్పందంలోనే ఉంది. అది బయటికి చెప్పే వీల్లేదు. కారు కదిలింది.

జనం వెళ్లాక ఉండబట్టలేక అడిగాను. "నేను తిరిగిన దేశాలు చూసి నీకెప్పుడైనా కుళ్లు పుట్టిందటే?"

పుట్టిందని అంటే బాగుండునని నా ఆశ. ఆమె నిజంగానే కాసేపు ఆలోచించింది.

"లేదే. నువ్వు ఎప్పుడు ఏ దేశంలో ఉండేదానివో కూడా నాకు సరిగ్గా గుర్తుండేది కాదు," అని కాఫీ తెప్పించింది.

ఇప్పుడు మంగళవారాలు నేనూ అక్కడికి వెళ్లి రెండో బల్ల దగ్గర కూర్చుంటున్నాను. కంపెనీల కాగితాలేవైనా వస్తే చూసిపెడతాను. మొన్న ఒకాయన పొలం కాగితాలు పట్టుకుని వచ్చాడు. ఆమె కోర్టులో ఉంది.

"ఇలా ఇవ్వండి, నేను చూస్తాను," అన్నాను.

"ఫరవాలేదండి, మేడంగారు వచ్చాక చూపిస్తాను," అని బెంచీ మీద కూర్చున్నాడు.

ఆమె గంటన్నరకి గాని రాలేదు. అంతసేపూ ఆయన ఆ కాగితాలు ఒళ్లోంచి దించలేదు. నేను చూడనట్టే ఉండి, చూస్తూనే ఉన్నాను.