అమ్మ చేతి బోణీ

మా చిన్నప్పుడు... తెల్లవారకముందే అమ్మ గోదావరి స్నానానికి బయలుదేరేది. పిల్లల్లో పెద్దదాన్ని కనుక మరచెంబు పట్టుకుని నేనూ వెంట వెళ్ళేదాన్ని. రాజమండ్రి మెయిన్ రోడ్డులో, బట్టల కొట్టు మేడ మీద మా వాటా. గోదావరి నడిచి వెళ్ళేంత దూరమే.

తిరిగి వచ్చేసరికి వీధి మేలుకునేది.

"అమ్మగారూ, బోణీ చేసి వెళ్ళండి" అనేది పూల సూరమ్మ.

"నిన్న నీకేగా ముందు చేశారు, ఇవాళ నా వంతు" అనేవాడు అరటిపళ్ళ వెంకన్న.

గోదావరిలో మునిగి వచ్చిన అమ్మ చేత్తో మొదటి బేరం జరిగితే గంప ఖాళీ అవుతుందని వాళ్ళ నమ్మకం. అమ్మ నవ్వి మూరెడు పూలో, రెండు పళ్ళో తీసుకునేది.

ఒక ఏడాది నాన్నగారు మమ్మల్ని ఊరి చివర కొత్త కాలనీకి మార్చారు. గాలి, వెలుతురు, పెరడు... అన్నీ ఉన్నాయి. గుమ్మం దాటితే పిలిచే మనిషి లేడు. అమ్మ మాటలే తగ్గించేసింది. నేను దీపం పెట్టినప్పుడల్లా ఒక్కటే అడిగేదాన్ని... మా అమ్మకి మా వీధి ఇచ్చెయ్యి స్వామీ.

ఓ రోజు నాన్నగారితో పూజకి పళ్ళ కోసం మెయిన్ రోడ్డుకి వెళ్ళాను.

"అమ్మగారిని ఎక్కడ దాచేశారండి?" అన్నాడు వెంకన్న.

"మంచి గాలి కోసం వెళ్ళారంట. ఇక్కడ మేం గాలి పీల్చట్లేదేంటండి?" అంది సూరమ్మ.

నాన్నగారు నవ్వేశారు. వస్తూ బట్టల కొట్టు దగ్గర ఆగి ఏదో అడిగి వచ్చారు. ఇంటికి రాగానే, "పాత వాటా ఇంకా ఖాళీగానే ఉందట... వెళ్ళిపోదామా?" అన్నారు.

అమ్మ లేచి గిన్నెలు గోనెసంచిలో సర్దడం మొదలుపెట్టింది.

తిరిగి వచ్చిన మర్నాడు, మేం గోదావరి నుంచి వచ్చేదాకా ఆ వీధిలో ఎవరూ బేరం మొదలుపెట్టలేదు. అమ్మ ప్రతి గంప దగ్గరా ఆగింది. అమ్మ మోయలేకపోతే నా పరికిణీ కుచ్చెళ్ళలో కూడా పళ్ళు పోశారు. రాణీగారి ఊరేగింపు కూడా అంత బాగుండదు.

ఇప్పుడు ఆ వాటాలో నేనుంటున్నాను. "ఆ రద్దీలో ఎలా ఉంటావక్కా?" అంటారు చెల్లెళ్ళు. ఒక్క పొద్దున నాతో నడవమంటాను.

ఇవాళ కూడా సూరమ్మ మనవరాలు పిలిచింది... "అత్తయ్యగారూ, బోణీ." ఫోన్‌తో స్కాన్ చేశాను. డబ్బు అందిందని డబ్బా అరిచింది. ఆ పిల్ల డబ్బాని కళ్ళకద్దుకుంది.

సూరమ్మ లేదు, వెంకన్న లేడు, అమ్మా లేదు... ఆ పిలుపు మాత్రం మా వీధి వదల్లేదు.

పొద్దున్నే మీ గుమ్మం దాటితే... మిమ్మల్ని పిలిచి ఆపేది ఎవరండీ?