ఫిల్టర్ వేయని మామ ఫోటో

పోయిన నెల మా మేనమామ కాలం చేశాడు. ఫోన్‌లో అత్త ఏడ్చింది, నేనూ ఏడ్చాను. కాసేపటికి ముక్కు చీది, "పాపా, పదకొండో దినానికి ఫోటో కావాల. కె.ఆర్.పురంలో అందరివీ తీసినాడు, ఆయన్ది మాత్రం ఒక్కటీ లేదు. నువ్వే చెయ్యల్ల" అంది. ఆ పని నా నెత్తిన పడటం న్యాయమే. మామ ఫోటో స్టూడియోలో ఆయనకు కంప్యూటర్ నేర్పింది నేను, ఫోటో చూడటం నాకు నేర్పింది ఆయన. ఈరోజు నేను చేసే డిజైన్ ఉద్యోగం ఆయన కంటి చలవే.

మామ దగ్గర పాత నగల పెట్టె నిండా గాజు ఫిల్టర్లుండేవి. కెమెరా ముందు నారింజ రంగు బిళ్ళ బిగిస్తే మిట్టమధ్యాహ్నం కూడా సాయంత్రంలా వచ్చేది. "ఇంక గాజు అక్కర్లేదు మామా, ఫోటో తీసినాక కంప్యూటర్‌లోనే ఆ రంగు పొర వేసుకోవచ్చు" అన్నాను. ఆయన బిళ్ళ తీసి మానిటర్‌కు అడ్డంగా పట్టుకుని, "శానా చెన్నాగుండాది, ఇట్లే ప్రింట్ కొట్టు" అన్నాడు. ప్రింట్‌లో నారింజ జాడే లేదు. "నీ మిషన్ చెడిపోయిండాది పాపా" అని ప్రింటర్‌ను రెండు దెబ్బలు వేశాడు.

నేర్చుకున్నాక మాత్రం నన్ను మించిపోయాడు. ఒక కన్ను మూసి గాజు బిళ్ళలోంచి కిటికీని చూసేవాడు, స్క్రీన్ చూసేవాడు, "ఇంకా రవ్వంత తగ్గించు" అనేవాడు. రంగు ఆయన కంటికి కుదిరేదాకా నాకు టిఫిన్ ఉండేది కాదు. "ఫిల్టర్ వేసింది తెలీకూడదు, తీసేస్తే తెలియాల" అన్నది ఆయన సిద్ధాంతం.

నక్షత్రాల ఫిల్టర్ దొరికిన రోజున ఆ సిద్ధాంతాన్ని ఆయనే గంగలో కలిపాడు. ఒక గృహప్రవేశం ఆల్బమ్‌లో స్టీలు చెంబులు, కళ్ళజోళ్ళు, చివరికి ఇంటి పెద్దాయన బట్టతల కూడా మిలమిలలాడాయి. పెద్దాయన కొడుకు ఆల్బమ్ పట్టుకుని వచ్చాడు.

"ఏమప్పా ఇది, మా నాయన నెత్తిన నక్షత్రం పుట్టిండాది?"

"వెలుగు యాడుంటే ఆడ పడ్తాదప్పా. నాయనకు చూపించినావా?"

చూపించాడట. పెద్దాయన ఆ ఒక్క ఫోటోనే పెద్దది చేయించి హాల్లో తగిలించుకున్నాడు. మామ నెల రోజులు కాలర్ ఎగరేసుకుని తిరిగాడు.

స్టూడియో కంప్యూటర్ అంతా వెతికితే మామ ఫోటో ఒక్కటి దొరికింది. కొత్త లెన్సు పరీక్షిస్తూ నేను నొక్కిందే. ట్యూబ్‌లైటు కింద మొహం కాస్త ఆకుపచ్చగా ఉంది. నోరు తెరిచి, వెలుతురుకు అడ్డం నిలబడ్డానని నన్ను తిడుతూ, పక్కకు జరగమని చెయ్యి ఊపుతున్నాడు. తిట్టే ఫోటోకు దండ ఎలా వేస్తాం? రెండు రోజులు కూర్చున్నాను. ఆకుపచ్చ తగ్గించాను, నారింజ పొర వేశాను, ముడతలు మెత్తబరిచాను, చెయ్యి చెరిపేశాను. పెళ్ళికొడుకులా తయారయ్యాడు. గర్వంగా తీసుకెళ్ళి అత్తకు చూపించాను.

"ఎవరు పాపా ఈయప్ప?" అంది.

ఫోటోను ఇంకాస్త దగ్గరగా పెట్టాను.

"చెయ్యి యాడ?"

"తీసేసినాను అత్తా. తిట్టినట్లుంటే బాగుండదని..."

"పెట్టు. పెండ్లైన దినం నుంచి ఆ చెయ్యే కదా నన్ను పక్కకు జరగమనింది. అది లేకుంటే ఆయన నాకు యాడ కనపడతాడు?"

పొరలన్నీ ఒక్కొక్కటిగా తీసేశాను. రెండు రోజుల పని రెండు నిమిషాల్లో పోయింది. అడుగున మామ ఉన్నాడు.

పదకొండో దినాన కిటికీ ఎదురుగా కుర్చీ వేసి ఫోటో పెట్టారు. పూలు వేయడానికి వచ్చినవాళ్ళు ఆ చెయ్యి చూసి, తమకు తెలియకుండానే ఒక అడుగు పక్కకు జరిగారు. నాకు నవ్వూ ఆగలేదు, ఏడుపూ ఆగలేదు. చివర అత్త వచ్చింది. పూలు వేసి, "జరగతా ఉండాను లే" అని గొణిగి పక్కకు తప్పుకుంది. కిటికీలోంచి ఎండ నేరుగా మామ మొహం మీద పడింది.