పెట్టెకు చెవి ఆనించే మనిషి

యంత్రాలను చెక్కపెట్టెల్లో బిగించి పంపడం మా షెడ్డు పని. బాబాయ్ సుద్దతో గీత గీయనిదే ఏ పెట్టె అయినా లారీ ఎక్కేది కాదు. వయసులో పెద్ద గనక మేస్త్రీతో సహా అందరం ఆయన్ని బాబాయ్ అనేవాళ్లం.

యంత్రాన్ని అడుగు దూలాలకు బోల్టులతో బిగించి, సందుల్లో చెక్కముక్కలు దిగ్గొట్టి, పెట్టె మూసేశాక అసలు తంతు మొదలయ్యేది. మాలో ఇద్దరం గునపాలతో పెట్టెను కుదిపితే బాబాయ్ చెక్కకు చెవి ఆనించి కళ్లు మూసుకునేవాడు. లోపల టక్కుమన్నదా, ఇక మా పని అయిపోయినట్టే. మూత ఊడదీయాలి, మళ్లీ మొదటినుంచి బిగించాలి. మేం ఎంత సణిగినా ఆయన వినేవాడు కాదు.

కొంతకాలంగా ఆయనకు నిజంగానే వినపడటం లేదని మాకెవరికీ తట్టలేదు. బతుకంతా సుత్తి దెబ్బల మధ్య గడిపినవాడికి చెవులు మాత్రం ఎలా మిగులుతాయి? ఎదురుగా ఉంటే పెదవులు చూసి జవాబు చెప్పేవాడట. ఇంట్లో ఉన్న కూతురు మాత్రం కనిపెట్టింది, డాక్టరు దగ్గరికి రమ్మని పోరింది. షెడ్డులో తెలిస్తే గేటు దగ్గర కూర్చోబెడతారని, అల్లుడికి కూడా చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఆ అల్లుడు మా షెడ్డు లారీ డ్రైవరే. మామ గీత గీసిన పెట్టె అంటే అతనికి ఎంత ధీమా అంటే, వెనక్కి తిరిగి కూడా చూసేవాడు కాదు.

ఆ రోజు పెద్ద లేత్ మిషన్ ఎక్కించాం. వాలు రోడ్డులో బ్రేకు వేయగానే అది పెట్టెలో జారి, చెక్కలు చీల్చుకుని క్యాబిన్ మీదికి వచ్చింది. అల్లుడు అక్కడికక్కడే పోయాడు.

మర్నాడు మేస్త్రీ నన్ను వెంటబెట్టుకుని బాబాయ్ ఇంటికి వెళ్లాడు. డ్రైవరు పెట్టెకు తాళ్లు సరిగ్గా కట్టలేదని పైవాళ్లు అంటున్నారని నసిగాడు. పోయినవాడు జవాబు చెప్పలేడు కదా, నింద వేయడానికి అంతకంటే అనువైనవాడు ఎవరుంటారు? నాకు ఒళ్లు మండింది. ఆ తాళ్లు అతను ఎంత గట్టిగా లాగి కట్టాడో నేను కళ్లారా చూశాను, ఆ మాటే చెప్పాను. మేస్త్రీ బాబాయ్ వైపు తిరిగాడు.

"నువ్వు చెవి పెట్టి విన్నావుగా బాబాయ్?"

బాబాయ్ అతని పెదవుల వంకే చూస్తున్నాడు. "విన్నాను. లోపల ఏ చప్పుడూ లేదు."

గుమ్మం దగ్గర, తండ్రి వెనకగా, కూతురు నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయింది. తండ్రి పరువు ఒక పక్క, మొగుడి పేరు ఒక పక్క. ఆమె మేస్త్రీ కళ్లలోకి సూటిగా చూసింది.

"నాన్నా," అని పిలిచింది.

బాబాయ్ కదల్లేదు. ఇంకాస్త గట్టిగా పిలిచింది. మూడోసారి ఆమె అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు కిటికీ తెరిచారు. మేస్త్రీ తల దించుకున్నాడు. మా ముఖాలు ఎందుకు మారాయో తెలియక బాబాయ్ మమ్మల్ని మార్చి మార్చి చూశాడు.

ఆమె మెల్లగా నడిచి వచ్చి ఆయన ఎదుట నిలబడింది.

"ఎప్పుడొచ్చావమ్మా?" అన్నాడు.