సెన్సరు కింద గంధం

ఆ రోజు తిరువళ్లూరులో, నలుగురి ముందు మా బావ చేతిని తప్పుబట్టాను. తప్పు చేసిన చెయ్యి నాది.

బావ అంటే మా అక్క భర్త, మెకానిక్కు. పక్షవాతం తగ్గాక, కుడిచెయ్యి ఇంకా వణుకుతున్నా షెడ్డు మళ్లీ తెరిచాడు. మొదటి పనిగా, పాండూరు నుంచి కూరగాయలు తోలే నా పికప్పు ఇచ్చాను. ఇంజను లోపల తట్టుడును పసిగట్టే నాక్ సెన్సరు చెడిపోయింది. బావ నిదానంగా పాతది విప్పి, ఇంజను మీద దాని చోటును మెరిసేదాకా తుడిచాడు.

బండికి ఏ కొత్త సామాను వేసినా గంధం పెట్టడం మా ఇంటి అలవాటు. బావ టీకి వెళ్లినప్పుడు, ఆయన చెయ్యి కుదుటపడాలని మొక్కుకుని సెన్సరుకు పెట్టాను. పైన వైరు తగిలిస్తారని అడుగున పూశాను. తర్వాత నేనే దాన్ని ఇంజనుకు ఆనించి పట్టుకున్నాను. ఆయన బోల్టు బిగించాడు. గంధం ఆయన కంటపడలేదు.

మర్నాడు తిరుత్తణి దారిలో ఇంజను లైటు వెలిగింది, బండి లాగడం మానేసింది. ఎలాగో సరుకు దించి నేరుగా షెడ్డుకు వచ్చాను.

"ఏం బావా, ఒక బోల్టు బిగించేదానికి గూడా చెయ్యి రాలేదా? ఇంట్లో కూర్చోరాదా!"

టీ తాగుతున్న ఆటోవాళ్లు నవ్వారు.

"ఉండు బామ్మర్దీ, విప్పి చూస్తా."

"నువ్వు చూసింది చాల్లే."

ఆయన స్పానరును గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు.

మరుసటి రోజు తిరుత్తణిలో ఇంకో మెకానిక్కు సెన్సరు ఊడదీసి పగలబడి నవ్వాడు. "దీనికింద గంధం పూసింది ఎవురన్నా? ఎండి పొడైపోయి బోల్టు వదులైండాది. ఇంజనుకు ఆనకుంటే దీనికేం వినబడతాది? బిగించినోడి తప్పేం లేదు."

మళ్లీ బావ చేతే బిగించాలని సెన్సరును జేబులో వేసుకుని, బండిని మెల్లగా నడుపుకుంటూ వచ్చాను. షెడ్డు మూసి ఉంది. వాళ్లింటికి వెళ్తే అక్క గుమ్మంలోనే నిలేసింది.

"ఏమన్నావురా ఆయన్ని? అన్నం గూడా ఎడంచేత్తోనే తింటా ఉండాడు."

పొద్దున్నే బావను బతిమాలి షెడ్డుకు తీసుకొచ్చాను. ఆటోవాళ్లను పిలిచి, వాళ్ల ముందే చెప్పాను. "గంధం పూసింది నేను. బావ బిగించింది సరిగ్గానే ఉండింది."

"ఈసారి నీ నోటికి పూసుకోన్నా," అన్నాడొకడు. బావ కూడా నవ్వాడు. నేనిచ్చిన స్పానరు మాత్రం అందుకోలేదు.

"నువ్వే బిగించు. నేను చెప్తా."

ఇప్పుడు సరుకు దించి వస్తూ రోజూ షెడ్డు దగ్గర ఆగుతాను. ఆయన స్టూలు మీద కూర్చుని చెబుతాడు, నేను విప్పుతాను, బిగిస్తాను. ప్రతి బండికీ ముందు స్పానరును ఆయన కుడిచేతి వైపే పట్టుకుని, కాసేపు ఆగుతాను.