జానమ్మ మతిమరుపు

సూర్యాపేట దవాఖాన నర్సు జానమ్మకు మతిమరుపు. ఏ సీసాలో ఎంత అయోడిన్ మిగిలిందో, నిరుడు కోదాడ నుంచి వచ్చిన గర్భిణికి అప్పుడు ఎన్నో నెలో తడుముకోకుండా చెప్పేది. నొప్పులు రాకముందే ఉమ్మనీరు పోతే ఏం చేయాలన్న ఒక్క సంగతే ఆమె తలలో నిలిచేది కాదు. కాంపౌండరుగా నేను సిగ్గుతో చచ్చిపోయేవాణ్ని.

పందొమ్మిది వందల నలభై తొమ్మిదిలో చివ్వెంల నుంచి గొర్ల కాపరుల ఇంటి సోమమ్మ ఏడో నెలతో, అత్త దుర్గమ్మ వెంట వచ్చింది. ముందటి రెండు కాన్పుల్లోనూ నీళ్లు ముందే పోయాయి. నొప్పులు రానీ అని ఇంట్లోనే ఆగారు. బిడ్డలు దక్కలేదు. పక్క గదిలో ఏ పసిగుడ్డు ఏడ్చినా సోమమ్మ మాట ఆపి అటే చూసేది.

జానమ్మ ఆమెకు ఒక్క ముక్కా చెప్పలేదు. అత్తకు మాత్రం అంతా వివరించి, వెంటనే నుదురు రుద్దుకుంది.

"పెద్దమ్మా, ఇప్పుడేమనుకున్నం? యాదికొస్తలేదు."

దుర్గమ్మ జాలిపడింది. "నీళ్లు పోతే నొప్పులు రాకున్నా బండి కట్టాలె. లోపల ఎవ్వరినీ చెయ్యి పెట్టనియ్యొద్దు."

"ఇంకేందో ఉండె."

"సాఫు గుడ్డ పెట్టి నీళ్ల రంగు సూడాలె. ఒళ్లు కాలితే చెప్పాలె. గింత యాది లేకపోతే ఎట్ల బిడ్డా?"

వారం వారం ఇదే తంతు. నాలుగో వారానికి నర్సును మందలించే హోదా దుర్గమ్మకు దక్కింది.

ఎనిమిదో నెలలో ఒక పొద్దున సోమమ్మకు నీళ్లు పోయాయి, నొప్పులు లేవు. పరీక్షిస్తానని వచ్చిన మంత్రసానికి దుర్గమ్మ గడపలో అడ్డం నిలబడిందట. సాయంత్రం దాకా చూద్దామన్నాడు కొడుకు భిక్షపతి. ఆ మాట రెండోసారి అనలేదు. మధ్యాహ్నానికి బండి మా వాకిట్లో ఉంది.

తొమ్మిది రోజులు సోమమ్మ మంచం మీదే. కోడలు ఇట్లా పడుకుంటే ఇంటి పని ఎవరు చేస్తారని అడగవచ్చిన చుట్టాలను దుర్గమ్మే సాగనంపింది. పదో రోజు ఆడపిల్ల పుట్టింది. మనిషి పిడికెడు, గొంతు పుట్టెడు. ఆ ఏడుపును ఊరుకోబెట్టబోతే సోమమ్మ వద్దంది. జరసేపు వినాలంది.

అప్పుడు ఈ మతిమరుపేంటని జానమ్మను నిలదీశాను.

"నేను చెప్తే అది నర్సు మాట, ఇల్లు చేరేసరికి ఖతం. అత్త నోట్లకెళ్లి వస్తే ఇంటి మాటైతది. ఇగ కోడలినెవరేమంటరు?" అని థర్మామీటరు కడగడానికి వెళ్లిపోయింది.

ఆ ఏడు చివర్లో ఆమెను మిర్యాలగూడకు బదిలీ చేశారు. అన్నీ గుర్తున్న నర్సు వచ్చింది. దవాఖాన సక్రమంగా నడిచింది, నాకే పొద్దుపోయేది కాదు.

ఒకనాడు దుర్గమ్మ మనుమరాలిని చంకనేసుకుని వచ్చింది. జానమ్మ మిర్యాలగూడకు వెళ్లిపోయిందని విని అరుగు మీద కూర్చుంది.

"అయ్యా, గాడ ఆమెకు యాదిచేసేటోళ్లు ఎవలన్న ఉన్నరా?"

తెలియదన్నాను.

మిర్యాలగూడ బస్సు ఎన్నింటికని అడిగింది.